జీపు దొరికిన గురువారాలు

బతికున్న వీధిని చచ్చిపోయిందని ప్రభుత్వ కాగితం మీద రాసి, కింద పొడుగు సంతకం కూడా పెట్టిన మూర్ఖుణ్ణి నేను. ఒక్కసారి చూసి రాసి ఉంటే తొందరపాటు అని సరిపెట్టుకునేవాణ్ణి. మూడుసార్లు వెళ్లి, చూసి, నిర్ధారించుకుని మరీ రాశాను. తెలివితక్కువ పనైనా శ్రద్ధగా చెయ్యాలని చిన్నప్పుడు మా మాస్టారు నేర్పినట్టున్నారు.

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇది చదువుతుంటే, వాళ్లకు ముందు మా ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. తొంభైల చివరి రోజులు. ఇప్పుడు మీరు తెర మీద వేలు కదిపితే ఊరి రంగు మారిపోతుంది. అప్పుడు మేం కుంచెతో మార్చేవాళ్లం. మ్యాపు మీద ఇళ్లున్న చోటుకు పసుపు, దుకాణాలకు నీలం, పార్కులకు ఆకుపచ్చ, కార్ఖానాలకు ఊదా. ఏ జాగాలో ఏం కట్టవచ్చో, ఏం నడపవచ్చో ఆ రంగే చెబుతుంది. దాన్ని జోనింగ్ అంటారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత మా సెక్షన్‌ను చూసినవాళ్లెవరైనా అది జోగడంలోంచి పుట్టిన మాటే అనుకునేవారు.

ఆ రంగులన్నీ ఒకే మనిషి చేతిలో ఉండేవి. మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. బల్ల మీద ఆరు తెల్లటి పింగాణీ సాసర్లు, వాటిలో ఆరు రంగులు, చెవి మీద ఒక కుంచె, చేతిలో ఒక కుంచె. ఏడో సాసర్‌లో టీ. పనిలో పడ్డాడంటే ఆయనకు ఆరుకూ ఏడుకూ తేడా తెలిసేది కాదు. మా మ్యాపుల్లో నగరం పడమటి వైపు రెండు చెరువులు ఈనాటికీ టీ రంగులో ఉన్నాయి. వాటి గురించి ఏ కమిటీ వాళ్లూ అడగలేదు. అదేదో కొత్త జోను అనుకుని ఉంటారు.

మ్యాపులకు నకళ్లు తీసే అమ్మోనియా ప్రింట్ల ఘాటు వాసన, సాసర్ల మీద పడే కిటికీ ఎండ, కాగితం మీద మెల్లగా పాకే తడి రంగు. ఆ గదిలో గంటసేపు కూర్చుంటే ఊరంతా నీళ్లలో నానుతున్నట్టు ఉండేది. గోదావరి పక్క నుంచి వచ్చినవాణ్ణి కదా, నీళ్లనగానే నాకు కలలు వస్తాయి. కలలు కనడం తప్పు కాదు. కలల్లో సర్వే చెయ్యడం తప్పు.

ఇక అసలు సంగతి. కొండాపూర్ వెళ్లే దారిలో ఒక పాత కార్ఖానాల వీధి ఉండేది. పేరు చెప్పను. నైజాం కాలంలో మొదలైన వీధి. ఇటుక గోడలు, ఇనుప దూలాలు, వాటి మీద నల్లబడ్డ పెంకులు. రెండు వైపులా కలిపి ముప్పైకి పైగా షెడ్లు. మ్యాపులో మొదటి నుంచీ ఊదా. అవతల హైటెక్ సిటీలో అద్దాల మేడ లేస్తోంది. రోడ్లు వెడల్పు అవుతున్నాయి, బండరాళ్లు పగులుతున్నాయి, మా ఆఫీసులో అందరికీ హఠాత్తుగా ఇంగ్లీషు బాగా వచ్చేస్తోంది. ఆ వీధిని ఊదాలోంచి పసుపులోకి మార్చవచ్చునా, అక్కడ ఇంకా కార్ఖానాలు నడుస్తున్నాయా లేదా చూసి రమ్మని మా అధికారి నన్ను పంపాడు.

మా అధికారిది మా జిల్లాయే. చెడ్డవాడని చెప్పను. తొందర మనిషి. కాగితం ఇవాళ పెడితే నిన్నే ఎందుకు పెట్టలేదని అడిగే రకం. కొత్త నగరం ఎలా ఉండబోతోందో ఆయనకు బాగా తెలుసు. పాత నగరం దానికి అడ్డం రాకుండా ఉంటే చాలు.

మా సెక్షన్‌కు జీపు వారానికి ఒక్క రోజే దొరికేది. గురువారం. మిగతా రోజులు మిగతా సెక్షన్ల వంతు. కాబట్టి నేను గురువారం వెళ్లాను.

ఆ వీధి మొగలో జీపు దిగగానే నా చెప్పుల చప్పుడే నాకు వినిపించింది. అంత నిశ్శబ్దం. షెడ్లన్నిటికీ తాళాలు. గాలి వీస్తే ఎక్కడో ఒక రేకు కిర్రుమంటోంది. నేల మీద ఇనుప రజను ఎండకు మిలమిలలాడుతోంది, ఎవరో నక్షత్రాలు చిమ్మి పోయినట్టు. కాలిన ఇసక వాసన. ఒక మేక అరుగెక్కి నన్ను చూసి, నేను పనికొచ్చే మనిషిని కానని తేల్చుకుని మొహం తిప్పుకుంది. చెయ్యెత్తు చక్రం ఒకటి గోడ పక్కన ఇరుసు మీద కదలకుండా ఉంది. దాని ఆకుల మధ్య నుంచి వెలుగు నేల మీద ముగ్గులా పడింది. బోర్లించిన ఒక పెట్టె మీద కూర్చుని నోటుబుక్కు తెరిచాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. జీపు డ్రైవరు వచ్చి, "సార్, పడుకున్నరా?" అని లేపాడు.

మళ్లీ గురువారం వెళ్లాను. అదే నిశ్శబ్దం, అదే మేక. మూడో గురువారం కూడా వెళ్లాను. అప్పటికి మేక నన్ను గుర్తుపట్టింది. ప్రతి షెడ్డు ఎదురుగా 'మూత' అని రాసి, చివర రిమార్కుల గడిలో ఒక వాక్యం దించాను: 'ఇది నిద్రలో తన యవ్వనాన్ని కలవరిస్తున్న వీధి.'

మా అధికారి ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. "నువ్వు ఆకాశవాణిలో ఉండాల్సినవాడివయ్యా," అని దాన్ని కొట్టేసి, పైన ఒకే మాట రాశాడు: 'నిరుపయోగం.' నాలుగు రోజుల్లో ముసాయిదా తయారైంది. ఉస్తాద్ కొత్త ప్రింటు పరిచి, పసుపు సాసర్ దగ్గరికి లాక్కున్నాడు.

"తమ్మీ, గీ వీధిల ఎవ్వలు లేరా? మంచిగ చూసినవా?"

"మూడుసార్లు చూశానండి ఉస్తాద్."

"మూడుసార్లంటే ఇగ ఫికర్ లేదు," అన్నాడు. ఊదా ఉండాల్సిన చోట పసుపు పాకింది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో. ఊదా రంగు ఊదేస్తే పోయేంత తేలికని ఆ రోజే తెలిసింది.

ముసాయిదా వేశాక, కార్ఖానాలు మూతపడ్డాయి, జాగా నిరుపయోగం అని కారణం చూపి, అభ్యంతరాలుంటే చెప్పండంటూ పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ఎవరూ చదవలేనంత చిన్న అక్షరాల్లో వేయడం మా ఆనవాయితీ. గడువు ఇంకో వారంలో తీరుతుందనగా, ఒక పొద్దున ఒకావిడ గోనెసంచి పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. నేత చీర, మోచేతుల దాకా మసి. అదే వీధిలో పోత కార్ఖానా ఆమెది. భర్త పోయాక తనే కొలిమి చూసుకుంటోంది. వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆమె అక్క.

"గీ కాయితం రాసింది నువ్వేనా సారు?"

నూనె మరకల పత్రిక ముక్క తీసి చూపించింది. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పొట్లం. నూనె పీల్చుకుని మా ప్రకటన అద్దంలా మెరుస్తోంది. మా ప్రకటనను అంత స్పష్టంగా నేను కూడా అంతవరకు చూడలేదు.

"నేనేనండి."

ఆవిడ గోనెసంచి విప్పింది. లోపల ఇసక. ఇసకలోంచి రెండు చేతులతో ఒక ఇనుప బిళ్ల తీసి నా బల్ల మీద, పసుపు మ్యాపు మీద, సరిగ్గా తమ వీధి మీద పెట్టింది.

"ముట్టి చూడు."

ముట్టాను. వెచ్చగా ఉంది. పాలగిన్నె అంత వెచ్చన.

"పొద్దుగాల పోసినం. మురికి కాల్వ మీద ఏసే మూత. ఆడ అద్దాల బిల్డింగు కడుతున్నరు సూడు, దాని సుట్టూత ఏసేటియి ఇయ్యే. నువ్వేమో మూత వడ్డ వీధని రాస్తివి. మూతవడ్డ వీధి గాదు సారు, మూతలు వోసే వీధి."

మాటల గారడీ నా సొత్తని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ రోజు సొత్తంతా పోయింది.

"మూడుసార్లు వచ్చానమ్మా. అన్నీ తాళాలే వేసి ఉన్నాయి."

"ఏ దినం వచ్చినవ్?"

"గురువారం."

"మూడుసార్లా?"

"మూడూ గురువారాలేనండి. మాకు జీపు ఆ రోజే..."

ఆవిడ కాసేపు నన్నే చూసింది. తర్వాత ఉస్తాద్ వైపు చూసింది. నవ్వాలా ఏడవాలా అని ఆయన్ని అడుగుతున్నట్టు.

"బేస్తారం మాకు కరెంటు ఉండది సారు. కార్ఖానాలకు వారానికొక్క దినం కరెంటు బంద్ జేస్తరు గదా. గా దినం ఫ్యాన్ తిరగది, కొలిమి మండది. అందరు ఇండ్లకాడ ఉంటరు."

పవర్ హాలిడే. పేపర్లో నేనూ చదివాను. చదివి, పవర్ ఉన్నవాళ్లకు రోజూ హాలిడేనే కదా అని జోకు కూడా వేశాను. అది ఒక్కో వీధికి ఒక్కో రోజు ఉంటుందని, ఆ వీధి రోజే మా జీపు రోజని నాకు తట్టలేదు.

"ఇండ్ల జాగా అని రాస్తే మాకు మల్ల లైసెన్సు ఇయ్యరంట," అందావిడ. ఇప్పుడు గొంతులో హాస్యం లేదు. "వచ్చే ఏడాదికి కొలిమి ఆర్పుడే. నా దగ్గర పదకొండు మంది చేస్తరు. వీధి మొత్తం ఎంతమందో నువ్వే లెక్కవెట్టుకో, సదువుకున్నోడివి."

ఆవిడ వెళ్లాక బిళ్ల ఎత్తి చూస్తే, పసుపు మీద గుండ్రంగా గోధుమరంగు మరక. ఉస్తాద్ దాన్ని వేలితో తడిమాడు.

"నిద్ర వోతున్నోణ్ణి సచ్చిండని రాసినవ్ తమ్మీ," అన్నాడు. తిట్టినట్టు కాదు. రంగు ఎండిందా లేదా అని చెప్పినట్టు అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది.

అధికారి గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు. తలుపు మూయమన్నాడు.

"నువ్వు వెళ్లావా?"

"వెళ్లానండి."

"తాళాలు చూశావా?"

"చూశానండి."

"చూసిందే రాశావు. అబద్ధం ఎక్కడుంది? ఇప్పుడు తప్పని రాస్తే ఎవరి తప్పవుతుంది? నా సంతకం నీ సంతకం చూసి పెట్టాను. ప్రమోషన్ల జాబితాలో నీ పేరుంది. దాన్ని నువ్వే కొట్టేసుకుంటానంటే నేను ఆపను. అభ్యంతరాల విచారణ ఉంటుందిగా, ఆవిడేం చెప్పుకుంటుందో అక్కడ చెప్పుకుంటుంది. నువ్వు నోరు మాత్రం విప్పకు."

నేను నోరు విప్పలేదు. వీధికి మళ్లీ వెళ్లి చూడ్డానికి మొహం చెల్లలేదు. పైగా జీపు లేదు. అన్నిటికీ కారణాలు దొరుకుతూనే ఉంటాయి. ఆ వెచ్చదనం మాత్రం చాలా రోజులు అరచేతిలోంచి పోలేదు. పరిహాసానికి చెప్పడం లేదు. అన్నం కలుపుకుంటుంటే కూడా గుర్తొచ్చేది.

విచారణ రోజు వచ్చింది. ఏ వారమో చెప్పనక్కర్లేదనుకుంటాను. వీధి జనం పని మానుకోకుండా రాగలిగేది ఆ రోజే కనక అక్కే అడిగి వేయించుకుందట. కమిటీకి పెద్ద ఒక ముసలి ఇంజనీరు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. తక్కువ మాట్లాడతాడు, టిఫిను డబ్బాలో పెరుగన్నం తెచ్చుకుంటాడు. ఎదురుగా మా అధికారి. పక్కన మ్యాపుతో ఉస్తాద్. వెనక నేను. గోడ వారగా అక్క, వీధి వాళ్లు ఐదారుగురు, ఉతికిన చొక్కాల్లో.

అక్క కొలిమి గురించీ, దాని మీద బతికే మనుషుల గురించీ చెప్పింది, గురువారం సంగతికి వచ్చేలోపే ఆమె వంతు అయిపోయింది. మా అధికారి ఫైలు తెరిచాడు. "సార్, మా సిబ్బంది మూడుసార్లు వెళ్లి పరిశీలించారు. మూడుసార్లూ మూసే ఉన్నాయి." ఏ రోజుల్లో వెళ్లామో చెప్పలేదు. నేను ఆయన వీపును చూస్తూ నిలబడ్డాను.

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఒకరు ఉన్నాయంటారు, ఒకరు లేవంటారు. వీధి ఎక్కడికీ పారిపోదు కదా. భోజనం చేసి ఇప్పుడే వెళ్లి చూసొద్దాం."

"జీపు సిద్ధంగా ఉంది సార్," అన్నాడు మా అధికారి వెంటనే. "అదృష్టం కొద్దీ ఇవాళ మాదే."

అక్క చప్పున చెయ్యెత్తింది. "సారు, ఇయ్యాల గాదు..." అని లేచింది.

"అమ్మా, మీ వంతు అయిపోయింది. కూర్చోండి. ముందుగా చెప్పి వెళితే అది తనిఖీ ఎలా అవుతుంది?" అన్నాడు మా అధికారి.

న్యాయంగానే వినిపించింది. పెద్దాయన తల ఊపి డబ్బా మూత తీస్తున్నాడు. ఆ పెరుగన్నం పూర్తయ్యేలోపు ఆ వీధి పూర్తయిపోతుంది. ఉస్తాద్ నా వైపు చూడలేదు. కుర్చీ కింద నుంచి ఆయన చెప్పు మాత్రం వెనక్కి జరిగి, నా కాలి మీదికి వచ్చి గట్టిగా ఆగింది.

"ఇవాళ వద్దండి," అన్న మాట వినిపించింది. అది నా గొంతే. "రేపు వెళదామండి. ఇవాళ గురువారమండి. అక్కడ కరెంటుండదండి. నేను వెళ్లిన మూడు రోజులూ గురువారాలేనండి. తప్పు నాదేనండి."

ఒక్క గుక్కలో అన్ని 'అండి'లు నేను నా పెళ్లిచూపుల్లో కూడా వాడలేదు.

పెద్దాయన చెంచా ఆగింది. "మూడుసార్లూ గురువారమే ఎందుకు వెళ్లావు నాయనా?"

"మాకు జీపు ఆ రోజే దొరుకుతుందండి."

ఆయన చెంచా డబ్బాలో పెట్టి తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కోపమనుకున్నాను. నవ్వుతున్నాడు. "మనం నగరాన్ని జీపును బట్టి గీస్తున్నామన్న మాట," అన్నాడు. "సరే, రేపే వెళదాం. బస్సులో వెళదాం."

శుక్రవారం పొద్దున ఆ వీధి మొగలో దిగినప్పుడు నేను మరో ఊరికి వచ్చాననుకున్నాను. నాలుగు గురువారాలు ఆలస్యంగా ఆ వీధిని మొదటిసారి విన్నాను. కరెంటు సమ్మెట ఒక్కో దెబ్బ వేస్తుంటే పాదాల కింద నేల చిన్నగా ఎగిరిపడుతోంది. మునుపటి నిశ్శబ్దమే కల అనుకున్నాను గానీ, ఇదే అసలు కలలా ఉంది. చీకటి షెడ్లలో ఎర్రటి వెలుగు ఊపిరి పీలుస్తూ వదులుతోంది. కరిగిన ఇనుము సన్నటి ధారగా మూసలోకి దిగుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడకుండా నిలబడ్డారు, పసిపిల్లను ఊయలలో పడుకోబెడుతున్నట్టు. గోడ పక్కనున్న ఆ పెద్ద చక్రం ఇప్పుడు కొలిమికి గాలి ఊదుతూ గిర్రున తిరుగుతోంది. ముగ్గు లేదు, ఆకులు లేవు, వెలుగు ఒక్కటే ఉంది. మేక మాత్రం తన అరుగు మీదే ఉంది. ఇంత గోలలో నిద్రపోతోంది. ఆ వీధిలో నిజంగా నిద్రపోయేది అదొక్కటే.

టీ గ్లాసు పెద్దాయన చేతిలో గలగలలాడింది. మా అధికారి ఫైలుతో చెవులు మూసుకున్నాడు. అక్క ఆయన దగ్గరికి వెళ్లి, అరిచి చెబితే తప్ప వినపడదు కనక అరిచే చెప్పింది: "నిరుపయోగం సారు, జర పక్కకు జరుగుండ్రి! నిప్పురవ్వలు వడతయ్!"

మ్యాపు పట్టుకుని మాతో వచ్చిన ఉస్తాద్ చెవి మీది కుంచెను పెద్దాయన తానే తీసుకుని తన టీలో ముంచాడు. మ్యాపును బోర్లించిన పెట్టె మీద పరిచి, వీధి మీద చిన్న గీత గీశాడు. "ఊదానే ఉంచండి. పసుపు కావాలంటే రోడ్డుకు అవతల ఖాళీ జాగా ఉంది, అక్కడ వేసుకోండి." ఉస్తాద్ ఆ సాయంత్రం వీధికి మళ్లీ ఊదా వేశాడు. వెచ్చటి మూత పెట్టిన చోట మరక పోలేదు. పోగొట్టాలని ఆయన ప్రయత్నించలేదు కూడా.

నాకు రెండు దొరికాయి. ఒకటి 'క్షేత్ర పరిశీలనలో అలసత్వం' అని మెమో. రెండోది రికార్డు గది. ప్రమోషన్ల జాబితాలో నా పేరు ఉన్న చోట ఇంకొకరి పేరు ఎంతో సుఖంగా సర్దుకుంది. రికార్డు గదిలో పాత మ్యాపుల మధ్య ఏడాదిన్నర గడిపాను. దుమ్మూ, నేనూ, అప్పుడప్పుడు టీ పంచుకోవడానికి వచ్చే ఉస్తాద్. ఏడాది దాటాక, ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతున్నాయని తెలిసి, అక్క ఒకరోజు చిన్న ఇనుప మూత ఒకటి తెచ్చిచ్చింది.

"బరువుకు వెట్టుకో. ఇది సల్లగనే ఉన్నది, భయపడకు," అంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగింది. "మల్ల మమ్ముల సూడనీకి బేస్తారం రాకు సారు. వస్తే కొలిమి ముంగట నిలవెడ్త. కరెంటు బంద్ ఇప్పుడు సోమారం జేసిండ్రు."

ఆ తర్వాత రెండు వారాలకనుకుంటాను, మా అధికారి రికార్డు గదికి వచ్చాడు. తనంతట తాను అక్కడికి రావడం అదే మొదలు. కుర్చీ దులిపి కూర్చున్నాడు. ఆ రోడ్డుకు అవతల, పసుపు వేసిన జాగాలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచిందట. పేరులో ఎక్కడో 'ప్రశాంతి' ఉందట. ఒక ఫ్లాట్ చూశాడట.

"ఆ పక్క నీకు అలవాటే కదా. చప్పుడు మరీ అంత ఉంటుందంటావా?"

"మీరే వెళ్లి చూసుకుంటే మంచిదండి," అన్నాను. మనస్ఫూర్తిగానే.

"చూస్తాను. కానీ నీలాగా గురువారం వెళ్లి మోసపోతానా?" అని నా భుజం తట్టాడు. "సోమవారం వెళతా. వారం మొదలు కదా, కార్ఖానాలు మాంచి జోరు మీద ఉంటాయి. ఆ రోజు భరించగలిగితే ఇక ఎప్పుడైనా భరించొచ్చు. పరిశీలన అంటే అలా చెయ్యాలి. నేర్చుకో."

నేను నోరు విప్పబోయాను. నోరు మాత్రం విప్పకు అని ఒకప్పుడు ఆయనే తలుపు మూయించి చెప్పిన మాట గుర్తొచ్చింది. పై అధికారి మాట దాటడం నాకు అలవాటు లేదు. ఒక్కసారి దాటినందుకే రికార్డు గదిలో ఉన్నాను.

"సోమవారం మంచి రోజండి," అన్నాను.

మంగళవారం పొద్దున్నే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "పిట్ట కూత తప్ప ఇంకేం లేదయ్యా! గంటసేపు బాల్కనీలో కూర్చున్నా. నువ్వప్పుడేదో రాశావే, నిద్రలో కలవరించడం అని, నేనే కొట్టేశాను గానీ, అక్షరాలా నిజం. సంతకం పెట్టేసి వచ్చాను. పడకగది సరిగ్గా ఆ వీధి వైపే. గాలి ధారాళం."

"అవునండి," అన్నాను, అక్క ఇచ్చిన మూతను కాగితాల మీద సరిగ్గా జరుపుతూ. "ఆ వీధిలో గాలి బాగా ఊదుతారండి."